రేవు పడవ మాదైన రోజు

ఈ రోజు పొద్దున పడవ ఎక్కాం. మా ఆయన, నేను, ఎనిమిది నెలల పాప. జలపాతం దూకి నీళ్లు నెమ్మదించే చోట పడవలు కట్టి ఉంటాయి. నలుగురితో కలిసి ఎక్కవచ్చు, లేదంటే పడవ మొత్తం మాట్లాడుకోవచ్చు. పాప ఉంది కదా, తోపులాట ఎందుకని ఆయన పడవ మొత్తం మాట్లాడాడు. అరగంట మనదే అన్నాడు. పడవవాడు హిందీలో చెప్పుకుంటూ పోతున్నాడు, ఈ ఒడ్డున రాజులు దిగేవారని, ఆ గుట్ట మీద పాత శివలింగాలు ఉన్నాయని.

బయలుదేరే ముందు ఒక ముసలామె రాళ్ల మీదుగా దిగి వచ్చింది. నెత్తిన మూట. అవతలి ఒడ్డున దింపమని హల్బీలో అడిగింది. పడవవాడు మా ఆయన్ని చూశాడు. ఆయన నన్ను చూశాడు. నేను పాపను గట్టిగా పట్టుకుని, పడవ ఒరిగితే ఎలా అని ఆలోచిస్తూ, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే జవాబు అనుకుని పడవవాడు గడ వేశాడు.

ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకు ఒళ్లు మండిపోతోంది. ఆయన రెండుసార్లు అడిగాడు, ఏమైంది అని. పడుకోండి అన్నాను. పాప ఊపిరి సరిగా తీస్తోందో లేదో చూసి వచ్చి ఇది రాస్తున్నాను. ఈ కోపం ఈ రోజుది కాదు. నా ఏడేళ్ల వయసుది.

మాది కోంట. శబరి నది ఒడ్డు. మాకు కొట్టు ఉండేది. ముందు గది కొట్టు, వెనక గదులు ఇల్లు. ఉప్పు, కిరసనాయిలు, పొగాకు, సబ్బులు, పసుపు అమ్మేవాళ్లం. అడవి నుంచి వచ్చే చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయలు కొనేవాళ్లం. కొట్లోకి అడుగు పెడితే ముందు ఇప్పపువ్వు వాసన తగిలేది, తీయగా, కొంచెం పులిసినట్టు. తర్వాత గోనెసంచుల వాసన, దాని వెనక మా నాయనమ్మ వంటింట్లో వేసే ఇంగువ తాళింపు. నేను ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, కొట్టు గుమ్మం దగ్గర అడవి ఊళ్లవాళ్ల దోర్లీ మాట్లాడేదాన్ని. నాయనమ్మ మాత్రం అందరితోనూ తెలుగే మాట్లాడేది. అర్థం కాకపోతే అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పేది.

అవతలి ఒడ్డు ఊళ్ల నుంచి ఒకామె అడ్డాకుల కట్టలు తెచ్చేది. పొడుగ్గా, సన్నగా ఉండేది. నేను ఆకుల అక్క అని పిలిచేదాన్ని. సీతాఫలాల రోజుల్లో ఆకు కట్ట మధ్యలో రెండు పళ్లు దాచి తెచ్చేది నా కోసం. బదులుగా నేను కొట్లో బెల్లం దిమ్మ నుంచి ముక్క గిల్లి లంగా అంచులో దాచి ఇచ్చేదాన్ని. నాయనమ్మ ఒకసారి పట్టుకుంది. నన్ను కొట్టలేదు. "సావుకారి ఇంట్ల పుట్టి బేరం తెల్వకపాయె. రెండు పండ్లకు అంత బెల్లమా" అంది. ఆకుల అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఏడు ఆమెకు కడుపు. మొదటి కాన్పు. కార్తీకానికి ముందు, ఇక కాన్పు అయ్యేదాకా రానని, కార్తీకం విస్తర్లకు సరిపోయేన్ని ఆకులు ఒకేసారి తెచ్చి వేసింది.

ఇక్కడ రేవు పడవ గురించి చెప్పాలి. ఇది తెలియకపోతే మేం చేసింది ఏమిటో తెలియదు.

అప్పటికి ఆ రేవుకు వంతెన లేదు. ఒకే పడవ. దాన్ని నడిపే ఆయన్ని మేం పడవ తాత అనేవాళ్లం. దోర్ల మనిషి. ఎప్పుడు చూసినా ఒళ్లు ఆరని తడి వాసన వచ్చేది ఆయన దగ్గర. పడవ దాటితే ఎవరూ పైసలు ఇచ్చేవారు కాదు. కోతలు అయ్యాక తాత రెండు ఒడ్ల ఊళ్లలోనూ ఇల్లిల్లూ తిరిగేవాడు. ప్రతి ఇల్లూ ఒక గంపెడు వడ్లు పోసేది. మాకు పొలం లేకపోయినా మేమూ పోసేవాళ్లం. ఆ వడ్లు తిన్నందుకు ఏడాది పొడవునా ఏ ఒడ్డు నుంచి ఎవరు గుడ్డ ఊపినా ఆయన వెళ్లాలి. పడవ రేవు కంటికి ఆనని దూరం పోకూడదు. ఆ పడవ చేసిన మాను కూడా రెండు ఊళ్లవాళ్లు కలిసి కొట్టిందే. ఇవన్నీ మాకు తెలుసు. మూడు తరాలుగా అక్కడున్నాం, తెలియకపోవడమేమిటి? కానీ వ్యాపారం చేసేవాళ్లకు ఒక గుడ్డితనం ఉంటుంది. ధర ఇస్తే వస్తువు మనది అయిపోతుందనుకుంటాం. ధర లేని వస్తువు ఇంకొకరిది అయి ఉంటుందని తోచదు.

ఆ కార్తీకంలో మా అమ్మ తమ్ముడు వచ్చాడు. ఖమ్మంలో కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. మెడలో కెమెరా, జేబులో చిన్న పుస్తకం. మా ఊరి కింద నది ఒడ్డు ఎంత పాతదో మాకెవరికీ తెలియదన్నాడు. తెల్లదొరల కాలంలో అక్కడ టేకు దుంగలను నీళ్లలోకి దింపి, తెప్పలు కట్టి, గోదావరి మీదుగా రాజమండ్రి దాకా వదిలేవారట. దొరల బంగ్లా గోడలు ఇంకా ఉన్నాయట. అంతకంటే పాతవి, చచ్చిన వీరుల పేర చెక్కి నిలిపిన వీరగల్లులు ఉన్నాయట. అవన్నీ నది మీద నుంచి చూడాలి, ఫొటోలు తీయాలి, వ్యాసం రాయాలి. వనభోజనం కూడా అక్కడే చేసుకుందామన్నాడు. నాన్నకు ఆ మాట నచ్చింది. నాన్నకు చదువుకున్నవాళ్లంటే గౌరవం. బామ్మర్ది అంటే భయం కూడా ఉండేదేమో.

తాతను కొట్టుకు పిలిపించారు. నేను ఉప్పు బస్తా మీద కూర్చుని ఉన్నాను. నాన్న ఒక పూటకు పడవ కావాలన్నాడు, ఎంత కావాలో అడగమన్నాడు. తాత తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

"ఇది నా పడవ గాదు సావుకారీ. రెండు ఒడ్లది. నేను ఎట్ల అమ్ముత" అన్నాడు.

మామయ్య నవ్వాడు. "అమ్మమని ఎవరు అడిగిన్రు పెద్దాయనా? ఒక్క పూట."

నాన్న నవ్వలేదు. ఉప్పు ఎవరి కొట్లో కొంటారో ఆ ఊళ్లవాళ్లు, నాన్నకూ తెలుసు, తాతకూ తెలుసు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఎండ ఎక్కే లోపల వచ్చేయాలి అని మాత్రం తాత అన్నాడు. అట్లనే అన్నాడు నాన్న.

పడవలో మేం అయిదుగురం. నాన్న, అమ్మ, మామయ్య, నేను, తాత. నాయనమ్మ మోకాళ్ల నొప్పులని రాలేదు. నాకు వారం కిందటే మలేరియా జ్వరం తగ్గింది. అందుకని అమ్మ నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని కొంగు కప్పింది. ఆమె చీరకు పులిహోర వాసన. పక్కనే గిన్నెల్లో బొబ్బట్లు, పెరుగన్నం, వేయించిన మజ్జిగ మిరపకాయలు. పోదాం, పోదాం అని నేను చప్పట్లు కొట్టాను. కొట్టానని ఒప్పుకుంటాను. ఏడేళ్ల పిల్ల పడవ ఎక్కితే ఇంకేం చేస్తుంది?

పడవ ఏటి మధ్యకు రాగానే తాత గడ ఆపాడు. అవతలి ఒడ్డు వైపు చూస్తున్నాడు. నేనూ కొంగు సందులోంచి చూశాను. నలుగురు మనుషులు ఒక నులకమంచాన్ని ఇసుకలో దించుతున్నారు. ఒకరు కర్రకు గుడ్డ కట్టి ఊపుతున్నారు.

"మంచం దించిన్రు సావుకారీ" అన్నాడు తాత.

మంచం అంటే ఏమిటో అక్కడ పుట్టిన ఎవరికైనా తెలుసు. నడవలేని మనిషి అని, ఆస్పత్రికి అని. ఆస్పత్రి మా ఒడ్డున ఉంది.

మామయ్య ఆకాశం చూశాడు. ఎండ నడినెత్తికి వస్తే రాతి మీద అక్షరాలు ఫొటోలో కనిపించవన్నాడు. నాన్న ఒక్క నిమిషం ఆలోచించాడు. ఎవరికో జ్వరం అయి ఉంటుంది, ఎంతసేపు, వెళ్లి వచ్చేద్దాం అన్నాడు. అని, లేచి నిలబడి, అవతలి ఒడ్డు వైపు చెయ్యి ఎత్తాడు. కొట్లో జనం ఎక్కువైనప్పుడు, కాస్త ఆగండి, మీ వంతు వస్తుంది అని ఎత్తే చెయ్యి. ఊపుతున్న గుడ్డ కిందికి దిగింది. అది చూసి తాత కూడా గడ వేశాడు. పడవ వాలుకు తిరిగింది.

ఆ ఒడ్డు అందంగా ఉంది. ఇది రాయడం నాకు ఇష్టం లేదు, కానీ ఉంది. బంగ్లా గోడల మధ్య నుంచి వెదురు మొలిచి ఉంది. దుంగలు జార్చిన చోట నేల ఇంకా నున్నగా, నది వైపు వాలి ఉంది. వీరగల్లు మీద గుర్రం, కత్తి ఎత్తిన మనిషి, పైన సూర్యచంద్రులు. మామయ్య రాతిని నీళ్లతో కడిగి, సుద్దముక్క అక్షరాల్లో రుద్ది, చిన్న పిల్లవాడిలా మోకాళ్ల మీద పాకుతూ చదివాడు. ఎవరో ఒక వీరుడు ఎవరి ఆవులనో కాపాడుతూ చచ్చిపోయాడట. ఆ చావుకు అన్ని వందల ఏళ్ల తర్వాత మామయ్య గొంతు వణికింది. మేం అన్నం తిన్నాం. నేను బొబ్బట్టు చేతిలో పట్టుకునే నిద్రపోయాను.

వచ్చేటప్పుడు ఎదురు ఈత. తాత ఒక్కడే గడ వేస్తుంటే నాన్న కూడా తెడ్డు పట్టాడు. రేవు చేరేసరికి పొద్దు వాలింది.

అవతలి ఒడ్డున మంచం ఇంకా ఉంది. తాత మమ్మల్ని దింపకుండా ముందు అటే తీసుకెళ్లాడు. నాన్న వద్దనలేదు. మంచం మీద ఆకుల అక్క. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి కానీ మమ్మల్ని చూడలేదు. ఆమె అత్త ఇసుకలో కూర్చుని ఒళ్లో చీరగుడ్డలో చుట్టిన దాన్ని పట్టుకుని ఉంది. గుడ్డ కదలడం లేదు. అమ్మ నా ముఖం మీద కొంగు లాగింది. ఆ తర్వాత నాకు చీర రంగు తప్ప ఏమీ కనిపించలేదు. ఎవరూ ఏడవలేదు. ఎవరైనా ఏడ్చి ఉంటే బాగుండేది. గడ నీళ్లలో పడుతున్న చప్పుడు, మా గిన్నెలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు, అంతే.

ఆకుల అక్కను ఆస్పత్రికి చేర్చారు. ఆమె బతికింది.

ఆ రాత్రి నుంచే మా ఇంట్లో మాటలు మొదలయ్యాయి. నాయనమ్మ, దాని నొసట అట్ల రాసి ఉన్నది అంది. మామయ్య, ఆ ఊళ్లకు ఒక నర్సును కూడా ఇవ్వని సర్కారును తిట్టాడు. తిట్టాల్సిందే, నేనూ తిడతాను. కానీ ఆ రోజు పడవ సర్కారు తీసుకుపోలేదు. నాయనమ్మ రెండు చీరలు, బియ్యం పంపింది. అవి వచ్చిన దారినే మూట విప్పకుండా తిరిగి వచ్చాయి.

కోతలు అయ్యాక తాత గంప పట్టుకుని బయలుదేరాడు. మా వీధిలో ప్రతి ఇంటి ముందూ ఆగాడు. నాయనమ్మ గుమ్మంలో చేటతో వడ్లు పట్టుకుని నిలబడింది. తాత మా గుమ్మం ముందు నుంచి నడిచి పక్కింటికి వెళ్లాడు. తిట్టలేదు, తల తిప్పుకోలేదు. ఆ తర్వాత మేం రేవుకు వెళ్తే దాటించేవాడు, ఎప్పుడూ కాదనలేదు. మా వడ్లు మాత్రం మళ్లీ ముట్టలేదు. మా నాన్న ఆ తర్వాత పడవ ఎక్కడం మానేశాడు.

మామయ్య వ్యాసం అచ్చయింది. అందులో నది ఉంది, దొరలున్నారు, వీరుడున్నాడు.

ఇక నా సంగతి. ఆ రోజు గురించి బంధువుల్లో ఎవరైనా అడిగితే మా ఇంట్లో ఒక కథ చెప్పేవారు. బంగ్లా దగ్గర అన్నాలు తిన్నాక తాత, మిమ్మల్ని ఇక్కడ ఉంచి నేను పడవ తీసుకుపోయి మంచం దాటించి వస్తా అన్నాడట. మంచి మాటే కదా. కానీ పిల్ల ఏడ్చిందట. పడవ పోతే భయం వేస్తుందని గోల పెట్టిందట. జ్వరం పడి లేచిన పిల్ల, కాదనలేకపోయారట. ఆ పిల్లను నేను. ఏడ్చినట్టు నాకు గుర్తు లేదు. కానీ పిల్లలకు అన్నీ గుర్తుంటాయా? అందరూ చెప్తుంటే ఏడ్చే ఉంటాననుకున్నాను. పదిహేనేళ్ల వయసులో, హాస్టల్లో, ఉన్నట్టుండి తిండి సయించేది కాదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నేను ఏడవడం వల్ల ఒక పాప చచ్చిపోయింది అని ఎవరికి చెప్తాను?

తర్వాత అడవిలోకి తుపాకులు వచ్చి అక్కడి రోజులు పాడయ్యాయి. జగర్గుండా సంత మూతపడింది, దారులు మూసుకుపోయాయి, ఊళ్లకు ఊళ్లు కదిలిపోయాయి. తాత పోయాడు. పడవ కుళ్లింది. తర్వాత వంతెన వచ్చింది. ఇప్పుడు ఆ రేవులో గుడ్డ ఊపితే ఎందుకు ఊపుతున్నారో తెలిసిన పిల్లలు లేరు.

నేను ఏడో నెలలో పురుడుకు పుట్టింటికి వచ్చినప్పుడు సంతకు వెళ్లాను. అడ్డాకుల దగ్గర ఆకుల అక్క కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టింది. బెల్లం దొంగ అంది. నా పొట్ట మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. నేను క్షమించమని అడగబోయాను. నేనే ఏడ్చానట, నాకు తెలియదు అని ఏదో గొణిగాను. ఆమెకు నా మాట అర్థం కాలేదు.

"నీదేమున్నది పిల్లా? మీ నాయన చెయ్యి ఎత్తిండు. సావుకారి చెయ్యి ఎత్తిండంటే వస్తడని ఆగినం. లేకుంటే పైన ఏరు నడిచి దాటే రాళ్ల కాడికి మోసుకపోదురు మావోళ్లు" అంది. ఆకులు కట్టి ఇచ్చాక మళ్లీ అంది. "నీకు నొప్పులు వస్తే ఎవ్వరి కోసం ఆగకు."

నాకు నొప్పులు వచ్చినప్పుడు కారు గుమ్మంలో ఉంది, పావుగంటలో ఆస్పత్రిలో ఉన్నాం. ఆ పావుగంటలోనే నేను అమ్మ చెయ్యి గీరేశాను. ఆకుల అక్క పొద్దుటి నుంచి పొద్దు వాలే దాకా ఇసుక మీద ఉంది. మా నాన్న ఎత్తిన చెయ్యిని నమ్ముకుని.

పాప బారసాల రోజు అందరూ వచ్చారు. మామయ్య కూడా. ఇప్పుడు రిటైరయ్యాడు. విస్తర్ల ముందు కూర్చున్నాక, మా ఆయనకు ఆ పడవ ప్రయాణం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. బంగ్లా, రాయి, అక్షరాలు. చివర్లో నన్ను చూసి నవ్వుతూ, నీ పెళ్లాం ఆ రోజు చేసిన గోల అంతా ఇంతా కాదయ్యా అన్నాడు.

నేను పాపను అమ్మ చేతికి ఇచ్చి నిలబడ్డాను. ఆ రోజు అవతలి ఒడ్డున ఎవరున్నారో మా ఆయనకు చెప్పాను. నాన్న చెయ్యి ఎత్తడం నేను చూశానని, ఆ చెయ్యిని చూసే వాళ్లు ఆగిపోయారని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నాన్న విస్తరిలో అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"తినేటప్పుడు ఇవన్నీ ఏందే. చెయ్యి ఎత్తిన, నిజమే. తాతను పంపుదమనే అనుకున్న. నువ్వు ఏడ్చినవు. ఏం చెయ్యమంటవు" అన్నాడు.

"అది ఏడవలే" అంది అమ్మ.

అందరం ఆమెను చూశాం. ఆమె మాలో ఎవరినీ చూడలేదు. పాప ముఖం మీద వాలుతున్న ఈగను తోలుతోంది.

"అది నిద్రపోతున్నది. పడవ పోనియ్యద్దన్నది నేను. అడివిల పడవ లేకుండ ఉంటే, దీనికి జరం మళ్ల వస్తే, ఎట్ల తీసుకపోవాలె అన్న. తాత రెండుసార్లు అడిగిండు. రెండుసార్లు వద్దన్న."

మంచం నువ్వు చూశావా అని అడిగాను.

"చూసిన."

నాన్న అప్పుడు తల ఎత్తాడు. ఇన్నేళ్లూ ఆయన దాచింది తనను కాదు, ఆమెను అని నాకు అర్థమైంది. దాచడానికి ఆయనకు దొరికింది నేను. ఎవరి మీద అరవాలో నాకు తెలియలేదు. పాపను ఆమె చేతుల్లోంచి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. ఆమె పాపను ఎలా పట్టుకుందో చూస్తూ నిలబడ్డాను. తల కింద మోచెయ్యి, కిటికీలోంచి వచ్చే వెలుతురుకు అడ్డంగా కొంగు. నేను పట్టుకునేది కూడా అచ్చం అలాగే.

నా కోపం తగ్గలేదు. తగ్గకూడదు కూడా. కార్తీకంలో మా వైపు ఎండ మెత్తగా మొదలై మధ్యాహ్నానికి మాడుస్తుంది. ఇసుక మీద ఇంకా ఎక్కువ. ఆ నలుగురు మనుషులు మంచం చుట్టూ నిలబడి, తమ నీడలు ఆమె మీద పడేట్టు పొద్దుతో పాటు జరుగుతూ ఉన్నారట. ఆకుల అక్కే చెప్పింది. పొద్దు వాలే దాకా.

నాకు మాత్రం ఆ రోజు ఎండ తగలలేదు.